దవడ పళ్ళు పోయాక మళ్ళీ జామకాయ: చిన్న బ్లెండరుతో పది నెలలు

మా ఆవిడకి జామకాయంటే ప్రాణం. నేను ఆర్టీసీలో 35 ఏళ్ళు కండక్టరుగా చేశాను. అందులో సగానికి పైగా రాజమండ్రి–అమలాపురం రూటే. రావులపాలెంలో బస్సు ఆగిందంటే చాలు, జామకాయల బుట్టలు కిటికీల దాకా లేచేవి. కాయని నాలుగు పక్షాలుగా కోసి, విడిపోకుండా మధ్యలో ఉప్పూ కారం కూరి, కాగితం ముక్కలో పెట్టి ఇచ్చేవారు. ఆఖరి ట్రిప్పులో రెండు కాయలు కట్టించుకుని ఇంటికి తీసుకెళ్ళేవాణ్ణి. రాత్రి తొమ్మిదిన్నర అయినా సరే, ఆవిడ కంచం ముందు కూర్చోకుండా ముందు ఆ పొట్లం విప్పేది.

పోయినేడు ఫాల్గుణంలో ఆవిడకి రెండు పక్కలా దవడ పళ్ళు తీసేశారు. తర్వాత పళ్ళ సెట్టు కట్టారు. అన్నం, కూర, చపాతీ దాకా అలవాటయ్యాయి గానీ జామకాయ మాత్రం కుదర్లేదు. దోరకాయ కొరకబోతే సెట్టు లేచిపోతుంది. పండు తింటే గింజ వెళ్ళి సెట్టు కింద చేరి చిగురు పుండు పడుతుంది. ఒకసారి ఒక్క గింజకి నాలుగు రోజులు గంజి తాగింది. దానికి తోడు ఎనిమిదేళ్ళుగా షుగరు. డాక్టరుగారేమో "రసాలు వద్దమ్మా, పండుని పండులాగే తిను, పీచు పోకూడదు" అంటారు. నమలలేని మనిషి పండుని పండులా ఎలా తింటుంది? విశాఖపట్నం నుంచి మా అమ్మాయి ఫోన్ చేసి, "నాన్నా, వడగట్టి పిప్పి పారేస్తేనే రసం. మొత్తం మెత్తగా కొట్టి ఇస్తే పీచు అందులోనే ఉంటుంది, స్మూతీ చేసి పెట్టు" అంది. అలా మొదలైంది.

ముందు ఇంట్లో ఉన్న 750 వాట్ల మిక్సీతోనే చేశాను. పదకొండేళ్ళ మిక్సీ. ఇడ్లీ పిండికి, పచ్చళ్ళకి దానికి వంక పెట్టలేను. కానీ ఒక్క గ్లాసు కొట్టాలంటే దానితో కాదు. పెద్ద జారులో ఒక కాయ ముక్కలు వేస్తే బ్లేడు తగిలీ తగలగానే ఎగిరి గోడలకి అతుక్కుంటాయి. మూత తీసి గరిటెతో కిందకి తోసి మళ్ళీ తిప్పాలి, ఇలా నాలుగైదుసార్లు. నీళ్ళు ఎక్కువ పోస్తే పలచబడిపోతుంది. చట్నీ జారులో వేస్తే ముక్కలు అందుతాయి గానీ అది నిన్నటి అల్లం పచ్చడి, మొన్నటి వెల్లుల్లి కారం వాసన మోస్తూ ఉంటుంది. ఎంత తోమినా రబ్బరు వాషరులోంచి ఆ వాసన పోదు. జామపండు వాసన సున్నితమైనది, దాని పక్కన వెల్లుల్లి నిలబడితే ఇక జామ లేనట్టే.

అప్పుడు శ్రావణ మాసంలో రాజమండ్రి దేవీచౌక్ దగ్గర ఒక షాపులో ఈ చిన్న బ్లెండరు కొన్నాను. 400 వాట్లు, ధర 2,350 రూపాయలు. గ్లాసునే తలకిందులుగా బోర్లించి మోటారు మీద పెట్టి నొక్కి తిప్పే రకం. అందరూ బుల్లెట్ మిక్సీ అంటున్నారే, అదే. 500 మిల్లీలీటర్ల గ్లాసు ఒకటి, 300ది ఒకటి, రెండు బ్లేడు మూతలు, తాగడానికి మూత ఒకటి. కంపెనీ పేరు రాయడం లేదు. ఈ ఆకారంలో నాలుగైదు కంపెనీలవి దొరుకుతున్నాయి. నేను చెప్పబోయేది ఏది కొన్నా పనికొస్తుంది.

దీని గొప్పతనం ఎక్కడుందో మొదటి రోజే తెలిసింది. గ్లాసు సన్నగా ఉంటుంది, పైగా తలకిందులుగా ఉంటుంది కాబట్టి ముక్కలు పోవడానికి చోటు లేదు, బ్లేడు మీదే పడతాయి. 120 గ్రాముల పండు, అర గ్లాసు నీళ్ళు వేసినా మెత్తగా వస్తుంది. ఇంకోలా చెప్పాలంటే ఒక మనిషికి ఒక పూటకి సరిపడా చేయగలదు, అప్పటికప్పుడు తాగేయొచ్చు, మిగిలేది ఉండదు. షుగరు ఉన్న మనిషికి ఇది చిన్న విషయం కాదు. పెద్ద జారులో చేసిన రోజున "పారబోయడమెందుకండీ" అని ఆవిడ రెండు గ్లాసులు తాగేది. హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో తెచ్చిన ఆహార మార్గదర్శకాల్లో రోజు మొత్తానికి పండ్లు 100 గ్రాములు తినమన్నారు. ఒక మామూలు జామకాయే దాన్ని దాటిపోతుంది. అరటిపండు, సపోటా, ఖర్జూరం, తేనె అన్నీ కలిపి పెద్ద గ్లాసు నింపితే పేరుకి స్మూతీ గానీ ఒంటికి అది స్వీటే. ఆవిడ కోసమని నేను కూడా మొదట్లో ఒకరోజు చక్రకేళి పండుతో రెండు ఖర్జూరాలు వేసి కొట్టిచ్చాను. రెండు గంటలయ్యాక గ్లూకోమీటరుతో చూస్తే 214. జామతో చేసిన రోజుల్లో అదే టైముకి 150, 160 మధ్య ఉంటోంది. ఒక్కొక్కరి ఒళ్ళు ఒక్కో రకం, మీ లెక్క మీరు చూసుకోండి. మా ఇంట్లో మాత్రం అరటి–ఖర్జూరం ఆ రోజుతో ఆగిపోయింది.

ఇక జామ గింజల సంగతి. ఈ మిషన్ని నిజంగా పరీక్ష పెట్టేది అదే. కొన్న కొత్తలో కాయని ముక్కలు చేసి గింజలతో సహా వేసి నిమిషం తిప్పేశాను. చూడ్డానికి నున్నగా ఉంది. నోట్లో పోసుకుంటే సన్న ఇసక. ఈ బ్లేడు గింజని పొడి చేయలేదు, మూడు నాలుగు ముక్కలు చేసి వదిలేస్తుంది. గుండ్రటి గింజ కంటే ఆ పలుకులే చిగుళ్ళకి ఇంకా ప్రమాదం. పాపం, ఆవిడ నేను బాధపడతానని ఏమీ అనకుండా సగం తాగి, పెరట్లోకి వెళ్ళి నోరు పుక్కిలించుకోవడం చూశాను.

రెండు వారాలు రకరకాలుగా చేసి చూసి ఇప్పుడు ఒక పద్ధతికి వచ్చాను. కాయని నాలుగు పక్షాలుగా కోసి, గింజలున్న మధ్య గుజ్జుని చెంచాతో వేరుగా తీసేస్తాను. ఆ గుజ్జుని చిన్న గ్లాసులో వేసి, అది మునిగేదాకా నీళ్ళు పోసి, నొక్కి వదలడం, నొక్కి వదలడం, మూడంటే మూడుసార్లు. రెండేసి సెకన్లు మించకూడదు. గింజ తెగదు గానీ దాన్ని పట్టుకున్న గుజ్జు మాత్రం వదిలేస్తుంది. దాన్ని స్టీలు టీ వడపోతలో పోసి చెంచా వెనకతో రుద్దితే గుజ్జంతా కిందకి దిగి, పైన గింజలు తెల్లగా, సగ్గుబియ్యంలా మిగులుతాయి. ఆ గింజలే పారేసేది. అడుగున దిగిన గుజ్జులోనే వాసనంతా ఉంటుంది, తీపీ ఉంటుంది. తర్వాత కండని తొక్కతో సహా పెద్ద గ్లాసులో వేసి, ఈ గుజ్జు పోసి, రెండు చెంచాల పెరుగు వేసి నలభై సెకన్లు. అంతే. ఇసక లేదు, పీచు పోలేదు. జామలో 100 గ్రాములకి సి విటమిను 200 మిల్లీగ్రాములకి పైనే ఉంటుంది, నారింజలో ఉన్నదానికి సుమారు నాలుగు రెట్లు. కాబట్టి దీన్ని కాచకూడదు, కొట్టి ఫ్రిజ్‌లో దాచకూడదు, కొట్టిన వెంటనే తాగాలి.

కాయ ఎంపిక కూడా చెప్పాలి. పూర్తిగా పండినదాంతో చేస్తే వాసన బాగుంటుంది గానీ గ్లాసంతా జిగటగా, తీపిగా ఉంటుంది. దోరదాంతో చేస్తే పులుపూ వగరూ బాగుంటాయి, వాసన ఉండదు. నేను సగం దోరకాయ, సగం పండు వేస్తాను. తైవాన్ జామ అని లోపల గులాబీ రంగులో ఉండేది ఇప్పుడు ఏడాదంతా దొరుకుతోంది, గ్లాసులో రంగు ముద్దొస్తుంది. కానీ రుచికి తెల్ల జామే నాకు ఇష్టం. కడియం వైపు నుంచి సైకిలు మీద బుట్ట పెట్టుకుని వచ్చేతని దగ్గర ఆకుతో ఉన్న కాయలు తీసుకుంటాను. తొడిమ దగ్గర ఆకు వాడకుండా ఉంటే కాయ పొద్దున కోసిందే.

మసాలా దగ్గర ఈ బ్లెండరు పూర్తిగా చేతులెత్తేసింది. డబ్బాతో వచ్చిన చిన్న పుస్తకంలో రెండో బ్లేడు, అడ్డంగా రెండు రెక్కలే ఉన్నది, మసాలాలు పొడి కొట్టడానికని రాశారు. అరచెంచా మిరియాలు, జీలకర్ర వేస్తే అవి బ్లేడు చుట్టూ గిరగిరా తిరిగి, సగం పొడై, సగం బద్దలై ఉన్నాయి. కనీసం పావు గ్లాసు ఉంటేనే అది పట్టించుకుంటుంది. పోనీ అని ఒకసారి మిరియాలు నేరుగా పండుతో కలిపి వేశాను. అది ఇంకా పెద్ద తప్పు. మిరియపు పలుకొకటి సెట్టు కింద దూరి, రాత్రి పన్నెండింటికి ఆవిడ లేచి కూర్చుంది. అప్పటి నుంచి మసాలా మా అమ్మ ఇచ్చిన ఇత్తడి కల్వంలోనే. జీలకర్ర సన్న సెగ మీద వేయించి, మంచి వాసన రాగానే దింపి, ఆరాక దంచి, పలచటి గుడ్డలో వస్త్రగాళితం పడతాను. మిరియాలూ అంతే. వారానికి సరిపడా రెండు చిన్న సీసాల్లో పోసి పెడతాను, నెలకి సరిపడా చేస్తే పదో రోజుకే ఆ ఘాటు ఉండదు.

ఒక గ్లాసుకి నేను వేసేది ఇదీ: వేయించిన జీలకర్ర పొడి పావు చెంచా, మిరియాల పొడి రెండు వేళ్ళకి వచ్చినంత, నల్ల ఉప్పు చిటికెడు, గోరంత అల్లం ముక్క, నాలుగు పుదీనా ఆకులు. అల్లం పీచు వస్తుంది కాబట్టి తురిమి పిండి రసం మాత్రం వేయాలి. కారం లోపల కలపను. గ్లాసులో పోశాక పైన నురగ మీద గుంటూరు కారం చిటికెడు చల్లుతాను. మొదటి గుక్కలో కారం పెదవికి తగిలి, వెనకాల ఉప్పగా, చల్లగా జామ వస్తుంది. అది కలిపి కొట్టేస్తే గొంతులో మంట తప్ప ఇంకేమీ తెలీదు. ఉప్పూ కారం కూరిన జామకాయ రుచి గ్లాసులోకి వచ్చిందంటే ఆ పైన చల్లిన చిటికెడు వల్లే.

ఆ రోజు నాకు బాగా గుర్తుంది. వినాయక చవితి వెళ్ళిన మర్నాడు. ఆవిడ ఒక గుక్క తాగి, గ్లాసు కింద పెట్టి, కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "ఏవండీ, మీరు డ్యూటీ దిగి వచ్చినట్టుంది" అంది.

మిగతా పండ్ల సంగతి క్లుప్తంగా చెప్తాను. అనాసపండుతో పెరుగు కలపకండి. మా మనవరాలు వచ్చినప్పుడు అనాస, పెరుగు కలిపి కొట్టి, అది స్నానం చేసి వచ్చేదాకా పక్కన పెట్టాను. అరగంటకే చేదెక్కిపోయింది. పెరుగు పాడైందనుకుని ఇంకో ప్యాకెట్టుతో చేశాను, మళ్ళీ అంతే. మా అల్లుడు జూనియర్ కాలేజీలో కెమిస్ట్రీ చెప్తాడు, అతను వివరంగా చెప్పాడు: పచ్చి అనాసలో బ్రొమిలైన్ అని ఒక ఎంజైము ఉంటుందట, పాలలోని మాంసకృత్తుల్ని ముక్కలు చేసేస్తుంది, ఆ ముక్కలే చేదు. బొప్పాయిలోనూ అలాంటిదే పపైన్ ఉంటుంది. కాబట్టి అనాసకి నీళ్ళు, మిరియాలు, నల్ల ఉప్పు చాలు. బొప్పాయికి నిమ్మరసం, అల్లం. పాలూ పెరుగూ జోలికి పోకపోతే రెండూ అద్భుతంగా ఉంటాయి. వేసవిలో బంగినపల్లి మామిడితో సొంఠి పొడి, ఏలకులు వేసి చేశాను. రెండు బద్దలకి మించి వేయలేదు, మిగతా గ్లాసు పలచటి మజ్జిగ. ఆవిడకి వారానికి ఒక్కరోజు మాత్రం.

దాల్చినచెక్క గురించి ఒక మాట. షుగరుకి మంచిదని తెలిసినవాళ్ళందరూ చెప్తున్నారు, మా పక్కింటావిడ రోజూ పెద్ద చెంచాడు పొడి వేసుకుంటోంది. బజార్లో మనకి ఎక్కువగా దొరికేది మందంగా, ఒకే చుట్ట తిరిగి ఉండే బెరడు. అది కాసియా. కాగితం చుట్టలా పలచని పొరలు పొరలుగా ఉండేది అసలు శ్రీలంక దాల్చిన. కాసియాలో కౌమరిన్ అనే పదార్థం ఎక్కువ, అది రోజూ ఎక్కువగా పడితే కాలేయానికి మంచిది కాదు. అందుకే నేను పలచటి చుట్టే వెతికి కొంటాను, అదీ సపోటాలో వాసనకి చిటికెడే. ఏ మసాలానీ మందు బిళ్ళలాగా చూడొద్దు. ఆవిడ బిళ్ళలు ఆవిడ వేసుకుంటూనే ఉంది.

ఇక మిషన్లో తక్కువలు. శబ్దం చాలా ఎక్కువ. పొద్దున్నే ఐదున్నరకి వేస్తే పక్క వాటాలో పసిపిల్ల లేస్తోందని ఇప్పుడు ఏడింటికి మార్చాను. కింద మడత గుడ్డ వేస్తే కొంత తగ్గుతుంది గానీ, కిందనున్న గాలి రంధ్రాలు మూసుకోకుండా చూసుకోవాలి. లేదంటే మోటారు వేడెక్కి వాసనొస్తుంది. ఒక్కసారికి నిమిషం మించి తిప్పకూడదని పుస్తకంలోనే ఉంది, నలభై సెకన్లలో అవ్వకపోతే ఆపి, గ్లాసు తీసి ఊపి, మళ్ళీ పెట్టండి. వేడి పదార్థం అస్సలు వేయొద్దు. గ్లాసు బిగించాక గాలి పోయే దారి ఉండదు, ఆవిరి పట్టి మూత విసురుగా ఊడితే చెయ్యి కాలుతుంది. ఐసు ముక్కలు కూడా వేయను. నేను పండు ముక్కలనే అరగంట ఫ్రీజరులో పెట్టి తీస్తాను.

బ్లేడు మూతలో ఉండే రబ్బరు రింగుని వారానికోసారి టూత్‌పిక్‌తో పైకి లేపి తీసి కడగాలి. ఇది ఎవరూ చెప్పరు. మూడో వారంలో గ్లాసులో పుల్లటి వాసనేదో వస్తోందని రింగు తీసి చూస్తే కింద నల్లటి జిగురు పేరుకుని ఉంది. వేడినీళ్ళలో వంటసోడా వేసి నానబెట్టి, పాత టూత్‌బ్రష్‌తో రుద్దితే పోయింది. మళ్ళీ పెట్టేటప్పుడు రింగు చదునుగా కూర్చుందో లేదో వేలితో తడిమి చూడండి, మెలిపడితే గట్టు మీదంతా కారిపోతుంది.

అసలు బాధ పెట్టింది ఐదో నెలలో. సంక్రాంతి వెళ్ళగానే ఒకరోజు గ్లాసు తీస్తే మోటారు గుంటలో బూడిద రంగు నీళ్ళు. బ్లేడు కింద ఇరుసు దగ్గర సీలు అరిగి, పండు రసం మోటారులోకి, అక్కడి నలుపు పండులోకి దిగుతోంది. ఆ గ్లాసు పారబోసేశాను. రెండేళ్ళ వారంటీ ఉందని సర్వీసు సెంటరుకి పట్టుకెళితే, మోటారుకే వారంటీ, బ్లేడు మూత అరిగిపోయే సామాను కింద లెక్క, దానికి లేదన్నారు. కార్డు మీద ఆ మాట నిజంగానే ఉంది, కంటికి ఆననంత చిన్న అక్షరాల్లో. 450 రూపాయలు కట్టించుకుని, వారంలో వస్తుందని చెప్పి 19 రోజులు తిప్పారు. డబ్బుకి బాధ లేదు. ఆ 19 రోజులూ పొద్దున ఏడయ్యేసరికి ఆవిడ వంటింటి గడప దాకా వచ్చి వెనక్కి వెళ్ళేది, నాకు అదే కష్టంగా ఉండింది. అమ్మేటప్పుడే "ఈ భాగం అరుగుతుంది, ఇంత ధర, ఇక్కడ దొరుకుతుంది" అని షాపువాళ్ళు నోటితో చెప్పాలి. కొనేవాళ్ళు కూడా డబ్బు కట్టే ముందే విడి బ్లేడు మూత దొరుకుతుందా అని అడగండి. దొరకదంటే ఎంత చవకగా ఇచ్చినా ఆ మిషన్ వద్దు. కొన్నాక నెలకోసారి ఒక పని చేయండి: గ్లాసులో నీళ్ళు పోసి బ్లేడు మూత బిగించి, పొడి కాగితం మీద పావుగంట బోర్లించి ఉంచండి. కాగితం మధ్యలో చెమ్మ తగిలితే ఇరుసు సీలు పోతున్నట్టే.

నలుగురైదుగురు ఉన్న ఇంటికి ఇది అక్కర్లేదు, మిక్సీ పెద్ద జారే మేలు. పండ్లకని ఒక జారు విడిగా పెట్టుకుంటే చాలు. ఒక్కరికో ఇద్దరికో చేసేవాళ్ళకి, ముఖ్యంగా ఇంట్లో నమలలేని పెద్దవాళ్ళు ఉంటే, 2,350 రూపాయలకి ఇది దండగ కాదని నా అనుభవంతో చెప్తున్నాను. దీనితో పాటు టీ వడపోత, చిన్న కల్వం ఉండాలి. ఆ రెండూ లేకపోతే ఈ మిషన్ సగం పనే చేస్తుంది.

నిన్న బుట్టలో ఐదు కాయలు తీసుకున్నాను, రెండు ఆకుతో ఉన్నవి. గ్లాసు చేతికిస్తే ఆవిడ వాసన చూసి, "కారం ఇంకొంచెం చల్లండి" అని చెయ్యి చాపింది. విడి బ్లేడు మూత ఒకటి ముందే కొని అటక మీద పెట్టాను, దాని అవసరం ఇంకా రాలేదు.